నిరీక్షణ తగ్గించే టైంటేబుల్

నగర రైళ్ల టైంటేబుల్‌కు పునాది ప్రయాణికుల లెక్క. ఏ గంటలో, ఏ దిశలో, ఏ స్టేషన్ల మధ్య ఎక్కువమంది వెళ్తున్నారో స్టేషన్ గేట్ల దగ్గర నమోదయ్యే వివరాలు చెబుతాయి. రోజంతటికీ సగటు తీస్తే అసలు రద్దీ కనబడదు. అందుకే రైళ్లు బాగా కిక్కిరిసే గంటను, మార్గంలో బాగా కిక్కిరిసే భాగాన్ని కొలమానంగా తీసుకుంటారు.

హైదరాబాద్ మెట్రో రైలుకు మూడు బోగీలు. సుమారు వెయ్యిమంది పడతారు. ఐదు నిమిషాలకొకటి నడిస్తే గంటకు ఒక దిశలో 12,000 మంది, మూడు నిమిషాలకొకటైతే 20,000 మంది వెళ్లగలరు. రైలు చివరిదాకా వెళ్లి తిరిగి రావడానికి 120 నిమిషాలు పడుతుందనుకుంటే, మొదటి పద్ధతికి 24 రైళ్లు, రెండోదానికి 40 రైళ్లు కావాలి.

రైళ్లుంటేనే చాలదు, చివరి స్టేషన్‌లో అవి చకచకా వెనుదిరగాలి. 2019 మార్చిలో అమీర్‌పేట–హైటెక్ సిటీ మార్గం మొదలైనప్పుడు ఆ ఏర్పాటు ఇంకా పూర్తికాలేదు. చివరి భాగంలో వచ్చిన ట్రాక్ మీదే తిరిగి వెళ్లాల్సి రావడంతో రైళ్లను వెంటవెంటనే నడపడం కుదరలేదు.

రద్దీ కొంత భాగంలోనే ఉంటే అన్ని రైళ్లనూ ఈ కొస నుంచి ఆ కొసకు నడపనక్కర్లేదు. ఐటీ ఉద్యోగులు ఎక్కువగా ప్రయాణించే అమీర్‌పేట–రాయదుర్గం మధ్య రద్దీ వేళల్లో షార్ట్ లూప్ రైళ్లు నడిపింది ఇందుకే.

రైళ్ల మధ్య ఎడం సమానంగా ఉండడమూ ముఖ్యమే. పది నిమిషాల్లో రెండు రైళ్లు ఐదేసి నిమిషాల తేడాతో వస్తే సగటు నిరీక్షణ రెండున్నర నిమిషాలు. అవే 2, 8 నిమిషాల తేడాతో వస్తే ఎక్కువమంది ఆ పెద్ద ఎడంలోనే స్టేషన్‌కు చేరతారు, సగటు 3.4 నిమిషాలవుతుంది. పైగా ఆలస్యంగా వచ్చిన రైలు కిక్కిరిసి, ఎక్కడం దిగడం సాగి, మరింత ఆలస్యమవుతుంది.

హైదరాబాద్‌లోనే 2003లో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైలు పరిస్థితి వేరు. దూరప్రాంత రైళ్లు తిరిగే పట్టాల మీదే నడుస్తుంది కనుక మెట్రో అంత తరచుగా నడపలేరు. అక్కడ ప్రయాణికుడు వేళ చూసుకునే ఇల్లు కదులుతాడు. ప్రతి గంటలో అదే నిమిషానికి రైలుంటే వేళ నోటికొస్తుంది. ఆ వేళ తప్పకపోతే నమ్మకం కుదురుతుంది.

రైలు మారేవారికి వేళలు కలవడం రాత్రిపూట మరీ అవసరం. రెండు మెట్రో లైన్లు కలిసే అమీర్‌పేటలో ఒక లైన్ చివరి రైలు దిగినవారికి రెండో లైన్ చివరి రైలు అందకపోతే ప్రయాణం సగంలోనే ఆగుతుంది. అందుకే చివరి రైళ్ల వేళలను ఒకదానితో ఒకటి పొసగేలా, ప్లాట్‌ఫాం మారడానికి పట్టే సమయాన్ని కలిపి నిర్ణయించాలి.