ఎస్‌ఎస్‌హెచ్‌లో స్క్రీన్ చెదిరిపోతోందా? ముందు టెర్మ్ చూడండి

చాలామందికి ఎదురయ్యే ఒక ఇబ్బంది గురించి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. లాప్‌టాప్‌లో అంతా బాగానే ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి వెళ్లగానే బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం చెరగదు, పిచ్చి గుర్తులు పడతాయి. విమ్ తెరిస్తే లైన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. చూడ్డానికి బాగాలేదు అని వదిలేసే విషయం కాదండి ఇది. తెర మీద కనిపించేది ఒకటి, ఫైల్‌లో ఉన్నది ఇంకొకటి అయితే, మీరు తీసేసే లైన్ మీరు అనుకున్న లైన్ కాకపోవచ్చు. అది నడుస్తున్న సర్వర్ కాన్ఫిగ్ ఫైల్ అయితే ఏమవుతుందో మీకే తెలుసు.

అసలు ఎందుకు ఇలా అవుతుంది? ఒకప్పుడు టెర్మినల్ అంటే తెర, కీబోర్డు ఉన్న విడి యంత్రం. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 అలాంటిదే. కర్సర్ జరపడానికి, తెర తుడవడానికి ఒక్కో యంత్రానికి ఒక్కో రకం కోడ్‌లు. ఇప్పుడు మన కిటికీలో నడిచేది ఆ యంత్రానికి నకలు. అది తన పేరుని టెర్మ్ అనే వేరియబుల్‌లో చెప్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ ఆ పేరుని సర్వర్‌కి మోసుకెళ్తుంది. అక్కడి ప్రోగ్రామ్ టెర్మ్‌ఇన్ఫో అనే పట్టికలో ఆ పేరు వెతికి, దానికి తగ్గ కోడ్‌లు పంపుతుంది. పేరు తప్పైనా, పట్టికలో లేకపోయినా గందరగోళమే.

అందుకే నేను ముందు సర్వర్‌లో ఎకో, స్పేస్, డాలర్ గుర్తు, క్యాపిటల్‌లో టెర్మ్ అని కొట్టి చూస్తాను. కిట్టీ, ఘోస్టీ లాంటి కొత్త టెర్మినల్స్‌కి సొంత పేర్లు ఉంటాయి. పాత సర్వర్‌కి అవి తెలియవు. క్లియర్ కొడితే ‘అన్‌నోన్ టెర్మినల్ టైప్’ అంటుంది. అప్పటికప్పుడు పని జరగాలంటే టెర్మ్‌ని ఎక్స్‌టెర్మ్-256కలర్ అని ఎక్స్‌పోర్ట్ చేయండి. శాశ్వతంగా కావాలంటే మీ లాప్‌టాప్‌లో ఇన్ఫోకంప్ హైఫన్ ఎక్స్ ఇచ్చి, దాని అవుట్‌పుట్‌ని పైప్ ద్వారా ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోని టిక్ కమాండ్‌కి పంపండి. టిక్ పక్కన హైఫన్ ఎక్స్, ఆ తర్వాత ఒక స్పేస్, ఇంకో హైఫన్ ఉండాలి. రూట్ అనుమతి అక్కర్లేదు, మీ హోమ్ డైరెక్టరీలోనే కూర్చుంటుంది.

ఒక్క మాట. బ్యాష్‌ఆర్‌సీ ఫైల్‌లో టెర్మ్‌ని శాశ్వతంగా రాసి పెట్టకండి. టీమక్స్ లోపల వేరే పేరు ఉండాలి, మీరు రాసింది దాన్ని తొక్కేస్తుంది.

బ్యాక్‌స్పేస్ కథ మాత్రం వేరు. కొన్ని టెర్మినల్స్ కంట్రోల్-హెచ్ పంపుతాయి, కొన్ని 127వ కోడ్ పంపుతాయి. సర్వర్‌లో ఎస్‌టీటీవై ఎరేజ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, కంట్రోల్-వీ నొక్కి, బ్యాక్‌స్పేస్ నొక్కి, ఎంటర్ ఇవ్వండి. పుట్టీ వాడేవాళ్లకి కీబోర్డ్ సెట్టింగుల్లోనే ఈ రెండిట్లో ఒకటి ఎంచుకునే వీలుంది.

తెలుగు అక్షరాలు, గీతలు చెత్తగా కనిపిస్తే అది టెర్మ్ తప్పు కాకపోవచ్చు. లొకేల్ కమాండ్ ఇచ్చి సర్వర్‌లో యూటీఎఫ్-8 ఉందా, మీ టెర్మినల్‌లోనూ అదే ఉందా చూడండి.

పొరపాటున బైనరీ ఫైల్‌ని క్యాట్ చేసి తెర పాడైతే కనెక్షన్ తెంపక్కర్లేదు. కనిపించకపోయినా రీసెట్ అని కొట్టండి. ఎంటర్ పనిచేయకపోతే దానికి ముందూ వెనకా కంట్రోల్-జే నొక్కండి.

తెర సరిగ్గా కనిపించేదాకా ఏ ఫైలూ సేవ్ చేయకండి. ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.