పార్ట్‌టైమ్ పనికి ముందు పాస్‌బుక్ భద్రం

పై చదువులకు రాయ్‌పూర్ వచ్చిన మన పిల్లలకు, వాళ్లతో కాపురానికి వచ్చిన కోడళ్లకు, అల్లుళ్లకు ఇక్కడ పార్ట్‌టైమ్ పని ఎలా దొరుకుతుందో మన తెలుగు సంఘం సంచికకు ఒక వ్యాసం రాయమని కమిటీవారు అడిగారు. బ్యాంకు ఉద్యోగంలో జీవితం గడిపి తెలీబంధాలో స్థిరపడ్డవాణ్ణి. పని దొరికే దారుల గురించి నాకు తెలిసింది చెబుతాను. దాని పేరుతో జరుగుతున్న మోసం గురించి ఇంకాస్త ఎక్కువ చెబుతాను. ఎందుకంటే ఆ దెబ్బ మా ఇంట్లోనే తగిలింది.

మా తెలీబంధా చదువులకు మధ్యలో ఉంది. జీఈ రోడ్డు పట్టుకుని పడమరగా వెళ్తే ఎన్ఐటీ, పండిత రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం, టాటీబంధ్‌లో ఎయిమ్స్ వస్తాయి. రెండోవైపు నవా రాయ్‌పూర్ దారిలో వెళ్తే ఐఐఎం, ట్రిపుల్ ఐటీ, హిదాయతుల్లా లా యూనివర్సిటీ. సాయంత్రం తెలీబంధా చెరువు చుట్టూ మెరైన్ డ్రైవ్‌లో నడుస్తుంటే ఎక్కడో ఒకచోట తెలుగు మాట చెవిన పడుతుంది. పలకరిస్తే పార్వతీపురమో, బొబ్బిలో, విజయనగరమో అంటారు. భర్త ఎంటెక్ లేదా పీహెచ్‌డీ, భార్య డిగ్రీ చేసి ఇంట్లో ఉంటుంది. కొన్ని ఇళ్లలో భార్య ఎయిమ్స్‌లో పీజీ, భర్త పని వెతుక్కుంటున్నాడు. ఎవరిని కదిలించినా మాట చివరికి డబ్బు దగ్గరికే వస్తుంది.

లెక్క చూస్తే వాళ్ల ఇబ్బంది అర్థమవుతుంది. గేట్ స్కాలర్‌షిప్ మీద ఎంటెక్ చదివేవాళ్లకు నెలకు 12,400 రూపాయలు. పరిశోధనలో జూనియర్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి 37,000, సీనియర్ (ఎస్ఆర్ఎఫ్) అయ్యాక 42,000. ఫెలోషిప్ వచ్చిన ఇల్లు ఎలాగో నడుస్తుంది. 12,400తో ఇద్దరి కాపురం, అందులో అద్దె, నడవదు. పని వెతకడం తప్పు కాదు, అవసరం.

విద్యార్థి ముందుగా తన స్కాలర్‌షిప్ ఉత్తర్వు తీసి చదవాలి. బయటి దేశాల్లో పని గంటలకు ప్రభుత్వమే పరిమితి పెడుతుంది. అమెరికాలో ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచెయ్యకూడదు. వెంట ఎఫ్-2 వీసా మీద వెళ్లిన భార్యకు గానీ భర్తకు గానీ ఉద్యోగం చేసే అనుమతే లేదు. కెనడాలో 2024 నవంబరు నుంచి క్యాంపస్ బయట వారానికి 24 గంటలు, ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి పదిహేను రోజులకు 48 గంటలు. ఈ లెక్కలు మన పిల్లలకు కంఠతా వచ్చు. మన దేశంలో మనకు గంటల పరిమితి పెట్టిన చట్టం లేదు కనుక ఏ పనైనా చేసుకోవచ్చనుకుంటారు. ఇక్కడ కట్టుబాటు చట్టంలో ఉండదు, స్కాలర్‌షిప్ షరతుల్లో ఉంటుంది. ఫెలోషిప్ తీసుకుంటూ బయట జీతం తీసుకోకూడదన్నది మామూలుగా ఉండే షరతు. గేట్ స్కాలర్‌షిప్‌కు బదులుగా వారానికి 8 గంటలు ల్యాబుల్లో, ట్యుటోరియల్స్‌లో సాయం చెయ్యాలి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ స్కాలర్లకు వారానికి 4 నుంచి 6 గంటలు అలాంటి పని అప్పగించవచ్చు. ఎయిమ్స్ రెసిడెన్సీ అయితే పూర్తికాలపు ఉద్యోగమే, బయట ప్రాక్టీసు కుదరదు. కాబట్టి విద్యార్థి తన గైడును, డీన్ కార్యాలయాన్ని అడిగి, రాతపూర్వకంగా అనుమతి వచ్చాకే బయటి పని ఒప్పుకోవాలి. స్కాలర్‌షిప్ ఆగిందంటే ట్యూషన్ డబ్బులు దాన్ని పూడ్చలేవు.

జీవిత భాగస్వామికి ఈ షరతులు లేవు. ఇంటికి నిజమైన ఆసరా అక్కడే ఉంది.

బీఈడీ చేసినవాళ్లకు సీబీఎస్ఈ స్కూళ్లు మొదటి దారి. ఆంధ్రా టెట్ ఉందని ఊరుకోకుండా సీటెట్ రాయండి, రాష్ట్రం మారినా ఉపయోగపడుతుంది. 2021లో టెట్ సర్టిఫికెట్ల చెల్లుబాటును జీవితకాలానికి పెంచారు, ఒకసారి పాసైతే చాలు. నర్సింగ్, ఫార్మసీ చదివినవాళ్లు సొంత రాష్ట్రం కౌన్సిల్ నుంచి ఎన్ఓసీ తెచ్చుకుని ఛత్తీస్‌గఢ్ కౌన్సిల్‌లో నమోదు చేయించుకోవాలి. దానికి నెలలు పడుతుంది. రైలెక్కకముందే దరఖాస్తు పెట్టుకుంటే ఇక్కడికొచ్చి ఖాళీగా కూర్చునే రోజులు తగ్గుతాయి.

లెక్కలు, సైన్సు బాగా వచ్చినవాళ్లకు ట్యూషన్లు ఉన్నాయి. అడ్డల్లా హిందీ. మన ఆడపిల్లల్లో చాలామంది చిన్నప్పుడు దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాసినవాళ్లే. ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష సర్టిఫికెట్లు పెట్టెలో ఉంటాయి, నోరు మాత్రం పెగలదు. ఆ చదువు వృథా పోలేదు. నెలరోజులు కూరగాయల బజారులో బేరమాడితే మాట వచ్చేస్తుంది.

వంట చేతిలో ఉన్నవాళ్లకు రాయ్‌పూర్ మంచి ఊరు. వరి పండే సీమ, వాళ్ల చీలా మన అట్టుకు దగ్గరి చుట్టం. దోసెల పిండి, ఇడ్లీ, పచ్చళ్లు, పొడులు ఎవరికీ కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. చిన్నగా ఇంట్లోనే మొదలుపెట్టినా ఎఫ్ఎస్ఎస్ఏఐలో నమోదు చేయించుకోండి. సంపాదన లెక్క ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. చదువు ఖర్చులకిచ్చే స్కాలర్‌షిప్ మీద ఆదాయపు పన్ను ఉండదు, ట్యూషన్ల మీద, వంట మీద వచ్చేది మాత్రం ఆదాయం కిందే లెక్క. కంపెనీలు టీడీఎస్ కోసుకుని ఇస్తే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇక అసలు సంగతి.

మా మేనల్లుడు ఇక్కడ ఎంటెక్ చేస్తున్నప్పుడు అతని భార్యకు ఫోన్లో ఒక మెసేజ్ వచ్చింది. ఇంట్లో కూర్చుని హోటళ్లకు స్టార్ రేటింగ్ ఇస్తే చాలు, రోజూ డబ్బులు. మొదటిరోజు మూడు హోటళ్లకు రేటింగ్ ఇచ్చింది, 150 రూపాయలు ఖాతాలో పడ్డాయి. మర్నాడు ప్రీపెయిడ్ టాస్క్ అన్నారు. వెయ్యి కడితే 1,300 తిరిగి వచ్చాయి. తర్వాత ఐదు వేలన్నారు, ఆ తర్వాత పన్నెండు వేలు. ఆ డబ్బు తిరిగి రాలేదు. విత్‌డ్రా చెయ్యాలంటే ముందు ట్యాక్స్ కట్టాలన్నారు. అప్పుడా అమ్మాయికి అనుమానం వచ్చి మానేసింది. పోయిన డబ్బు గురించి సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు.

కథ అంతటితో ముగిసిందనుకుంది. కొన్ని వారాలకు నాకు ఫోన్ చేసింది. "మావయ్యగారూ, కార్డు పనిచెయ్యడం లేదండీ. ఆయన స్టైపెండ్ కూడా అందులోనే ఉంది" అని. అది ఇద్దరి పేరా ఉన్న ఖాతా. బ్రాంచికి వెళ్లి అడిగితే వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల ఆదేశం మీద డెబిట్ ఆపేశామన్నారు. ఆ అమ్మాయికి 'జీతం'గా వచ్చిన 1,300 ఏ కంపెనీదీ కాదు. ఇదే వలలో పడ్డ ఇంకెవరిదో సొమ్ము. ఆ మనిషి ఫిర్యాదు చేశాడు. సొమ్ము ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు మారిందో పోలీసులు, బ్యాంకులు వరసగా పట్టుకుంటూ వస్తే మధ్యలో మా వాళ్ల ఖాతా కనిపించింది. డబ్బు పోగొట్టుకున్న పిల్ల, కాగితాల మీద దొంగసొమ్ము అందుకున్న మనిషి అయింది.

అందరూ గుర్తుపెట్టుకోవలసింది ఇదే. ఈ మోసంలో పోయేది కట్టిన డబ్బు ఒక్కటే కాదు, తీసుకున్న డబ్బు కూడా మెడకు చుట్టుకుంటుంది. మొదటిరోజు పడ్డ 150 చూసి, నిజంగా ఇస్తున్నారే అని నమ్మే చోటే చిక్కు మొదలవుతుంది.

ఆ ఖాతా తెరిపించడానికి నెలలు పట్టింది. బ్రాంచి మేనేజరు చేతిలో ఏమీ ఉండదు, ఆపమన్న పోలీసు అధికారే వదలమనాలి. ఆయన ఎక్కడో ఉంటాడు. బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు, ఆ స్టేషను ఈమెయిలు తీసుకున్నాం. చాటింగ్ స్క్రీన్‌షాట్లు, స్టేట్‌మెంటు, కాలేజీ సర్టిఫికెట్, స్టైపెండ్ వచ్చిన వరసలకు గీతలు గీసిన కాగితం జతచేసి వివరణ పంపాం. జవాబు రాకపోతే మళ్లీ పంపాం. వివాదం 1,300కే కదా, ఆ మొత్తం మాత్రం ఆపి మిగతాది వదలమని రాశాం. కొన్ని హైకోర్టులు కూడా ఆ మాటే అన్నాయి, కాబట్టి అలా అడగడానికి జంకనక్కర్లేదు. ఈలోగా సెమిస్టర్ ఫీజుకు బంధువులం తలా కొంత వేసుకున్నాం.

ఇది ఒక్క ఇంటి గోల అనుకోకండి. 2023 డిసెంబరులో కేంద్ర హోంశాఖ ఇలాంటి టాస్క్ ఆధారిత పార్ట్‌టైమ్ ఉద్యోగ మోసాలు, అక్రమ పెట్టుబడుల వెబ్‌సైట్లు వందకు పైగా ఒక్కసారే మూయించింది. ఆ ప్రకటనలోనే మహిళలు, రిటైరైనవాళ్లు, పని వెతుక్కుంటున్న యువకులు వీళ్ల గురి అని చెప్పారు. మన ఇళ్లల్లో ఉండేది వాళ్లే.

మగపిల్లల దగ్గరికి ఈ మోసగాళ్లు ఇంకో రూపంలో వస్తారు. నీ ఖాతా కొన్నాళ్లు వాడుకోనివ్వు, నెలకు ఇంత కమిషన్ అంటారు. ఏటీఎం కార్డు, పాస్‌బుక్, ఆ ఖాతాకు కట్టిన సిమ్ అడుగుతారు. హాస్టల్లో సీనియరే మధ్యవర్తి కావచ్చు, మనవాడే కావచ్చు. ఖాతా ఇచ్చిన క్షణం నుంచి అందులో జరిగిన ప్రతిదానికీ పేరు మీదే, కేసూ మీ మీదే. క్యాంపస్ ఉద్యోగానికి వెరిఫికేషన్, పాస్‌పోర్టుకు పోలీసు విచారణ, రేపటి వీసా, అన్నిటికీ అడ్డం పడుతుంది. మీ ఖాతా మీ సంతకం లాంటిది. సంతకాన్ని ఎవరూ అద్దెకివ్వరు.

డేటా ఎంట్రీ పేరుతో వచ్చేది మూడోది. ముందు ఒప్పందం మీద సంతకం చేయిస్తారు. పనంతా అయ్యాక తప్పులున్నాయని నష్టపరిహారం కట్టమంటారు, కోర్టు నోటీసని వాట్సాప్‌లో పంపుతారు. భయపడి కట్టకండి. కాగితం ఒక వకీలుకు చూపించండి.

పని నిజమైనదో కాదో తేల్చుకోవడానికి నేను మా వాళ్లకు చెప్పే ప్రశ్నలు కొన్నే. పని ఇవ్వడానికి డబ్బు అడుగుతున్నారా? రిజిస్ట్రేషన్, కిట్, ట్రైనింగ్, డిపాజిట్, పేరేదైనా సరే, అడిగితే అది ఉద్యోగం కాదు. జీతం కంపెనీ ఖాతా నుంచి వస్తోందా, రోజుకొక కొత్త మనిషి యూపీఐ పేరు మీద వస్తోందా? ఇచ్చేవాళ్ల ఆఫీసుకు వెళ్లి కుర్చీలో కూర్చుని మాట్లాడగలమా? అంత తేలికైన పనికి అంత డబ్బు ఎందుకిస్తున్నారు?

పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. సొమ్ము చేతులు మారకముందే పట్టుకోవాలి, అందుకే మొదటి గంటలే ముఖ్యం. లావాదేవీ యూటీఆర్ నంబరు, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేసి, రసీదు నంబరుతో బ్యాంకుకు రాయండి. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకుండా బయటివాళ్లు సొమ్ము తీస్తే, మూడు పనిదినాల లోపల చెప్పినవారికి నష్టం ఉండదు. కానీ ఇక్కడ పిన్ నొక్కి పంపింది మనమే కనుక ఆ రక్షణ మీద ఆశపెట్టుకోలేం. డబ్బు పోకపోయినా, అనుమానపు సొమ్ము ఖాతాలో పడితే ఖర్చు పెట్టకుండా ఆ రోజే బ్యాంకుకు లిఖితపూర్వకంగా తెలపండి. ముందుగా మీరు చెప్పిన కాగితం తర్వాత మీకే సాక్ష్యం. అన్నిటికంటే ముందు ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి. మా మేనల్లుడి భార్య సిగ్గుపడి దాచిన ఆ కొద్ది వారాల్లోనే దొంగలు దూరమయ్యారు. మోసపోవడం నేరం కాదమ్మా, దాచితేనే ఇబ్బంది.

పెద్దలకూ నాదొక మనవి. ఈ నేలకు మనం కొత్తవాళ్లం కాం. ఓరుగల్లు ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తర్‌లో రాజ్యం నిలిపాడని చెబుతారు. 1931లో పార్వతీపురం-రాయ్‌పూర్ రైలుమార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రవారికి ఇది పక్కింటి ఊరయింది. 1959లో భిలాయి కొలిమి రాజుకున్నాక ఎన్నో తెలుగు కుటుంబాలు ఇటు కదిలాయి. అప్పట్లో వచ్చినవాణ్ణి స్టేషనులో దింపుకుని, ఇంట్లో అన్నం పెట్టి, తెలిసిన ఫోర్‌మన్‌కు చెప్పి పనిలో పెట్టింది మనవాళ్లే. ఆ అలవాటే మన నిజమైన వారసత్వం. ఇప్పుడు పిల్లలు వందేభారత్‌లో హాయిగా వస్తున్నారు, కానీ పని కోసం ముక్కూ మొహం తెలియని ఫోన్ నంబరును నమ్ముతున్నారు. మనం అందుబాటులో లేకపోతే వాళ్లు ఇంకెవరిని అడుగుతారు?

మనలో హోటళ్లున్నవారు, స్కూళ్లు నడిపేవారు, కాంట్రాక్టర్లు, డాక్టర్లు, ఆడిటర్లు ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్క పార్ట్‌టైమ్ పని ఇవ్వగలిగితే చాలు. ఇచ్చేటప్పుడు గంటలు, జీతం కాగితం మీద రాసి ఇవ్వండి. "మన అమ్మాయే కదా" అని ఉచితంగా చేయించుకోకండి. ఉగాదికి పిల్లలకు పద్యాలు నేర్పినా, ఆదివారాలు ఓనమాలు దిద్దించినా, సంఘం లెక్కలు కంప్యూటర్లో ఎక్కించినా, అది పనే. తెలుగులో ఎంఏ చేసిన కోడలు పిల్ల మన వీధిలోనే ఉండగా, మన మనవలు ఇంటి గుమ్మం మీద తెలుగు పేరు చదవలేకపోవడం మనకు తగని పని. ఆమెకు నెల జీతమిచ్చి ఆదివారం బడి పెడితే పిల్లలకు భాష వస్తుంది, ఆ ఇంటికి అద్దె తేలికవుతుంది.

కమిటీవారిని నేను కోరేది రెండు. పని ఇవ్వగలవారి జాబితా ఒకటి రాసి సంఘం కార్యాలయంలో ఉంచండి. ఏ ఉద్యోగం మీదనైనా అనుమానం వస్తే పిల్లలు అడగడానికి ఇద్దరు ముగ్గురు పెద్దలను నియమించండి. అందులో నా పేరు మొదట రాయండి. పిల్లల్లారా, ఒక రూపాయి కట్టేముందు, ఒక రూపాయి తీసుకునేముందు మాలో ఒకరిని అడగండి.