కంఠతా వస్తే చాలా?

సండేస్కూల్లో పిల్లలు గడగడా అప్పజెప్పే 'కంఠత వాక్యాల' వెనక ఓ పాత నమ్మకం ఉంది. శోధన ఎదురైనప్పుడు పుస్తకం తెరిచే తీరిక ఉండదు, నోటికి వచ్చిందే ఆదుకుంటుంది అని.

బైబిల్లోని 119వ కీర్తననే చూడండి. మొత్తం 176 వచనాలు. 22 హీబ్రూ అక్షరాలతో వరసగా, ఒక్కోదానితో మొదలయ్యేవి ఎనిమిదేసి. అక్షరమాల వస్తే వరస మరిచిపోరు!

అరణ్యంలో 40 రోజులు ఉపవాసమున్న యేసును సాతాను మూడుసార్లు శోధించాడు. మూడుసార్లూ ఆయన ద్వితీయోపదేశకాండంలోని మాటలతోనే తిప్పికొట్టాడంటుంది మత్తయి సువార్త.

అక్కడే ఓ మెలిక. దేవాలయ శిఖరం నుంచి దూకమంటూ సాతాను కూడా 91వ కీర్తనను అప్పజెప్పాడు! అంటే, కంఠతా రావడం ఒక్కటే చాలదు. అందుకే పిల్లలు వాక్యం చెప్పగానే చప్పట్లు కొట్టి వదిలేయకండి. 'దానర్థమేంటి నాన్నా?' అనీ అడగండి.