తల్లుల సమావేశం నడిపించేవారికి కొన్ని సూచనలు



నలుగురిని కూర్చోబెట్టి ఆరోగ్య విషయాలు చెప్పుకోవడం మనకు కొత్త కాదు. స్త్రీల సమాజంలో, అంగన్‌వాడీ కేంద్రంలో, పొదుపు సంఘంలో ఇలాంటి సమావేశాలు జరుగుతుంటాయి. వీటిని నర్సులే నడపాలని లేదు, మీలో ఎవరైనా నడపవచ్చు. అయితే విషయం తెలిసినంత మాత్రాన సరిపోదు. ఒకరు వాదించి, ఒకరే మాట్లాడి, మిగిలినవారు తల ఊపి ఇంటికి వెళ్లిపోతే ప్రయోజనం ఉండదు.

ఎందుకు ఇంత ముఖ్యం?

జార్ఖండ్, ఒడిశాలలోని మూడు జిల్లాల్లో 2005 నుండి 2008 వరకు ఏక్‌జుట్ అనే సంస్థ గ్రామ స్త్రీల గుంపులతో పనిచేసింది. శిక్షణ పొందిన స్థానిక స్త్రీలే ప్రతి నెలా సమావేశాలు నడిపారు. వారు ఉపన్యాసాలు ఇవ్వలేదు. బొమ్మలు చూపి, కథలు చెప్పి, సమస్యలేమిటో, వాటికి ఏం చేయవచ్చో ఆ స్త్రీల చేతనే చెప్పించారు. ఫలితాలు 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. గుంపులు లేని ప్రాంతాల కంటే గుంపులు ఉన్న ప్రాంతాల్లో పుట్టిన నెలలోపు శిశువుల మరణాలు 32 శాతం తక్కువగా ఉన్నాయి. అంటే, గుంపును మాట్లాడించడం కూడా బిడ్డల ప్రాణాలు కాపాడే పనే.

నడిపించేవారు పాటించవలసినవి

1. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టండి. మీరూ వారితోపాటు చాప మీదే కూర్చోండి.

2. ఒక సమావేశానికి ఒక్క విషయమే తీసుకోండి.

3. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలు అడగవద్దు. "ముర్రుపాలు మంచివే కదా?" అంటే అందరూ అవుననే అంటారు. "మీ ఇంట్లో బిడ్డ పుట్టగానే మొదట ఏమి పడతారు?" అని అడిగితే నిజం బయటకు వస్తుంది.

4. ప్రశ్న అడిగాక కొంచెం ఆగండి. జవాబు మీరే చెప్పేయకండి.

5. ముగించే ముందు, ఇంటికి వెళ్లి ఏం చేస్తారో ఒక్కొక్కరి చేత చెప్పించండి.

ఎదురు చెప్పే పెద్దమ్మ

"మా కాలంలో ముర్రుపాలు పిండి పారబోసేవాళ్లం. పంచదార నీళ్లు పట్టేవాళ్లం. మా పిల్లలు బాగానే ఉన్నారుగా?" అనే పెద్దమ్మ ప్రతి గుంపులోనూ ఉంటుంది. అందరి ముందు ఆమెను తప్పు పట్టవద్దు. వాదనలో మీరు గెలిస్తే ఆమె లేచి వెళ్లిపోతుంది. కానీ ఇంటి దగ్గర బాలింతను, బిడ్డను చూసుకునేది ఆమే. ఆమె ఒప్పుకోకపోతే కోడలు ఏమీ చేయలేదు.

ముందు, "అలా ఎందుకు చేసేవారు పెద్దమ్మా?" అని మర్యాదగా అడగండి. పాలు పసుపు పచ్చగా, చిక్కగా ఉన్నాయని, బిడ్డకు అరగవని భయపడేవారమని చెబుతుంది. తరువాత, "గేదె ఈనితే దూడకు మొదటి పాలు తాగనివ్వకపోతే ఏమవుతుంది?" అని అడగండి. దూడ నీరసించిపోతుందని పాడి ఉన్న ఇంటి ఆడవారికి బాగా తెలుసు. ఆ మాట ఆమె నోటి నుండే వస్తే మీ పని సగం అయినట్లే. అప్పుడు చెప్పండి: ముర్రుపాలలో రోగాలను ఎదుర్కొనే శక్తి ఉంది. పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలి. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అవసరం లేదు.

మరికొందరు

ఆపకుండా మాట్లాడేవారు: "మీరు మంచి అనుభవం చెప్పారక్కా. ఇప్పటివరకు మాట్లాడనివారు కూడా ఒక మాట చెప్పాలి" అని చెప్పి పక్కవారి వైపు తిరగండి. ఆమెకు బొమ్మలు పట్టుకునే పనో, పేర్లు రాసే పనో అప్పగించండి.

నోరు విప్పనివారు: పేరు పెట్టి పిలిచి నిలబెట్టవద్దు. అత్తగారి ముందు కోడలు మాట్లాడలేకపోవచ్చు. ఇద్దరిద్దరిగా కాసేపు మాట్లాడుకోమనండి. లేదా అందరూ వెళ్లాక విడిగా పలకరించండి.

పక్కవారితో కబుర్లు చెప్పేవారు: గొంతు పెంచవద్దు, ఒక్క క్షణం ఆగండి. చాలాసార్లు వారూ ఆ విషయమే మాట్లాడుకుంటుంటారు. దానిని అందరికీ చెప్పమనండి.

తమ జబ్బు గురించే అడిగేవారు: "ఇది మీతో విడిగా మాట్లాడవలసిన విషయం. సమావేశం అయ్యాక కూర్చుందాం" అని చెప్పి, మాట తప్పకుండా కూర్చోండి.

ప్రమాదకరమైన సలహా ఇచ్చేవారు: ఇక్కడ మాత్రం మౌనంగా ఉండకూడదు. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, వేగంగా ఊపిరి తీస్తున్నా పసరు పోయమని ఎవరైనా అంటే, మనిషిని నిందించకుండా, "అలా చేయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి" అని అందరికీ స్పష్టంగా చెప్పండి.

చివరిగా ఒక మాట. గుంపులో ఒకరు చెప్పుకున్న ఇంటి సంగతి ఊరిలోకి వెళ్లకూడదు. ఒక్కసారి వెళ్లిందంటే, మరుసటి నెల ఎవరూ మనసు విప్పరు. ఎదురు చెప్పేవారిని చూసి విసుగు చెందకండి. ఎదురు చెబుతున్నారంటే వింటున్నారనే అర్థం. ఆ పెద్దమ్మను వచ్చే సమావేశానికి కూడా తప్పక పిలవండి, వీలైతే కోడలిని కూడా వెంటబెట్టుకు రమ్మనండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్