గుడ్ల మార్కెట్‌కు జన్యుపరీక్ష అండ

కోడిగుడ్ల రేటును శాసించేవి దాణా ధర, ఎండలు, పండుగలు మాత్రమే కావు. కంటికి కనిపించని సూక్ష్మజీవి కూడా మార్కెట్‌ను కూలదోయగలదు. ఇందుకు బ్రిటన్ అనుభవమే నిదర్శనం.

1988 డిసెంబరు 3న అక్కడి ఆరోగ్యశాఖ ఉపమంత్రి ఎడ్వినా కర్రీ, దేశంలో ఉత్పత్తి అవుతున్న గుడ్లలో అధికభాగానికి సాల్మొనెల్లా సోకిందని ప్రకటించారు. అమ్మకాలు దాదాపు 60 శాతం పడిపోయాయి. సుమారు 40 లక్షల కోళ్లను వధించవలసి వచ్చింది. రెండు వారాలకే ఆమె రాజీనామా చేశారు. జబ్బున్న ఫారాలేవో, లేనివేవో కొనుగోలుదారుకు తెలిసే మార్గం లేక, నిర్దోషులైన రైతులూ నష్టపోయారు.

సాల్మొనెల్లాలో రకాలు అనేకం. ఫౌల్ టైఫాయిడ్‌కు కారణమైన గాలినారం కోళ్లను చంపుతుంది. మనుషుల జోలికి సాధారణంగా రాదు. దాని దగ్గరి బంధువు ఎంటరిటిడిస్ సోకిన పెట్ట ఆరోగ్యంగానే కనిపిస్తుంది. జబ్బు మాత్రం గుడ్డు ద్వారా తినేవారికి చేరుతుంది. యీ రెండింటి పూర్తి జన్యుక్రమాలు 2008లో ప్రచురితమయ్యాయి. ఒక్కొక్క దానిలో దాదాపు 47 లక్షల అక్షరాలున్నాయి.

ఒకే చోట పుట్టిన క్రిములలో యీ అక్షరాల తేడా అతిస్వల్పం. 2014లో బ్రిటన్, ఆస్ట్రియా, ఫ్రాన్స్, జర్మనీలలో ఎంటరిటిడిస్ జబ్బు తలెత్తినప్పుడు, రోగుల వద్ద దొరికిన క్రిముల జన్యుక్రమాలను, గుడ్ల సరఫరా లెక్కలను సరిపోల్చి, జర్మనీలోని ఒక ఉత్పత్తిదారు వరకు జాడ తీయగలిగారు. గుడ్లన్నింటిపైనా నింద పడలేదు.

గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌ది ప్రథమ స్థానం, తెలంగాణది తృతీయ స్థానం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు, జబ్బు లేని ప్రాంతాల్లో సైతం కోడిమాంసం గిరాకీ పడిపోయింది. అది వైరస్ వ్యాధే అయినా, మార్కెట్ నేర్పిన పాఠం ఒక్కటే: దోషి ఎవరో తేలకపోతే శిక్ష అందరికీ పడుతుంది.

అయితే జన్యుపరీక్ష ఒక్కటే చాలదు. బ్రిటన్‌లో గుడ్డు పెంకుపైనే ఫారం గుర్తు ముద్రిస్తారు. ఏ షెడ్డు ట్రే ఏ లారీలో ఏ వూరికి వెళ్లిందో లెక్క లేనిచోట, ప్రయోగశాల చెప్పిన సమాధానం ఫారం గేటు దాకా చేరదు. చిట్టా సరిగా వుంచిన రైతుకే యీ పరీక్ష రక్షణ కాగలదు.