మీకు తెలుసా? మేకపిల్ల మూతి పైకెత్తే పాలు తాగాలి

మేక కడుపులో నాలుగు అరలుంటాయి. పుట్టిన పిల్లకు మాత్రం ప్రధానంగా పనిచేసేది నాలుగోదే. పాలు తాగేటప్పుడు అన్నవాహిక చివరనుండే గాడి గొట్టంలా ముడుచుకుని, పాలను పెద్దపొట్టలోకి పోనివ్వకుండా నేరుగా ఆ అరకు చేరుస్తుంది. అందుకే సీసాపాలు పట్టేవాళ్లు పిల్ల నిలబడి, మెడ చాచి తాగేలా సీసాను కాస్త ఎత్తులో పట్టుకోవాలి. ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి పట్టారో, పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

తొలి గంటల్లో జున్నుపాలు తప్పనిసరి. తల్లి కడుపులో ఉండగా పిల్లకు రోగాలను తట్టుకునే శక్తి దాదాపు అందదు, ఈ పాలతోనే రావాలి. మొదటి రోజు లెక్క పిల్ల బరువులో పదోవంతు. అంటే రెండు కిలోల పిల్లకు సుమారు 200 మిల్లీలీటర్లు, నాలుగైదు విడతలుగా.

రెండో వారానికల్లా అది ఆకులు కొరకడం మొదలెడుతుంది. కొరకనివ్వాలి, పెద్దపొట్ట ఎదిగేది ఆ మేతతోనే. అవిశ, సుబాబుల్ రెమ్మలను కట్టగట్టి తల ఎత్తున వేలాడదీస్తే ఇష్టంగా లాక్కుని తింటుంది. అదే మేత నేలమీద పడి తొక్కుడైతే, వాసన చూసి వదిలేస్తుంది! పెరట్లో గన్నేరు ఉంటే మాత్రం దగ్గరికి పోనివ్వకూడదు, అది విషం. ముద్దుకొద్దీ గిన్నెడన్నం పెట్టడమూ చేటే. పొట్టలో పిండిపదార్థం పులిసి ఆమ్లం పెరుగుతుంది, పిల్ల మేత మానేసి మూలన పడుకుంటుంది.

మూడు నెలలు దాటాక పారుడు రోగానికి టీకా వేయించాలి.