మంచు మీద చిన్న కాలేజీలు.. ఆటగాడికి జీతమిస్తే జట్టు నిలుస్తుందా?

అమెరికాలో ఎమ్మెస్‌ కోసం మీరు రాసుకున్న యూనివర్సిటీల జాబితా ఒకసారి తీయండి. అందులో మిషిగన్ టెక్, క్లార్క్‌సన్, ఆర్ఐటీ, ఆర్‌పీఐ లాంటి పేర్లున్నాయా? ఉంటే, మీరు చేరబోయే క్యాంపస్‌లో మీ డిపార్ట్‌మెంట్ కన్నా జనం ఎక్కువగా మాట్లాడుకునేది ఐస్ హాకీ జట్టు గురించే కావచ్చు. హాకీ అంటే మన ధ్యాన్‌చంద్ ఆడింది కాదు. కాళ్లకు స్కేట్లు కట్టుకుని, మంచు మీద ఓ రబ్బరు బిళ్లను కర్రలతో తరిమే ఆట.

ఆ జట్లు ఇప్పుడు లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాయి. ఆడే విద్యార్థికి కాలేజీయే నేరుగా డబ్బు ఇవ్వొచ్చని 2025లో రూల్ మారింది మరి. 'ఆడేవాళ్లకు డబ్బొస్తే మంచిదేగా' అంటారా? మంచిదే. టీవీ హక్కుల మీద కోట్లు గడించి, చెమటోడ్చినవాడికి ఫీజు మాఫీతో సరిపెట్టడం ఎన్నాళ్లని సాగుతుంది? కానీ ఆ కోట్లు గడించింది అన్ని కాలేజీలూ కాదు. చిక్కంతా అక్కడే.

కథ కోర్టులో మొదలైంది. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9-0తో, కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అదే ఏడాది జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటోలతో ప్రకటనల ద్వారా సంపాదించుకునే వీలొచ్చింది. దాన్నే ఎన్ఐఎల్ అంటున్నారు. ఆ తర్వాత హౌస్ కేసు. 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఆ ఒప్పందాన్ని ఆమోదించారు. పాత ఆటగాళ్లకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలి. ఇక 2025-26లో ఒక్కో కాలేజీ తన ఆటగాళ్లందరికీ కలిపి 2.05 కోట్ల డాలర్ల దాకా పంచే వీలొచ్చింది. మన లెక్కలో 170 కోట్ల రూపాయలకు పైమాటే. పంచి తీరాలని లేదు, అది గరిష్ఠ పరిమితి మాత్రమే. పెద్ద యూనివర్సిటీల్లో అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతుంది. హాకీకి మిగిలేది కొసరు. అయినా ఆ కొసరే చిన్న కాలేజీకి కొండంత.

హాకీలో ఓ వింత ఉంది. డివిజన్-1లో ఆడే పురుషుల జట్లు 60 పైచిలుకు. వాటిలో చాలా కాలేజీలు మిగతా ఆటల్లో కింది డివిజన్లలో ఉంటాయి. మిన్నెసోటా డులూత్ మిగతా ఆటల్లో డివిజన్-2. హాకీలో మాత్రం 2011, 2018, 2019లో దేశ ఛాంపియన్. యూనియన్ కాలేజీ ఇంకా చిన్నది, సుమారు 2 వేల మంది విద్యార్థులు. క్రీడా స్కాలర్‌షిప్ ఒక్కటీ ఇవ్వకుండానే 2014 ఫైనల్లో మిన్నెసోటా యూనివర్సిటీని 7-4తో ఓడించింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇలాంటిది ఊహించలేం. ఇప్పుడు ప్రమాదంలో పడింది ఈ అవకాశమే.

లెక్క చేసి చూడండి

ఇదివరకు పురుషుల హాకీ జట్టు 18 స్కాలర్‌షిప్‌లకు మించి ఇవ్వకూడదు. కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీకి ఆ పరిమితి పోయింది. బదులుగా జట్టులో 26 మందే ఉండాలి, అందరికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇచ్చుకోవచ్చు. ఒక విద్యార్థికి ఏడాది ఖర్చు 50 వేల డాలర్లు అనుకుందాం. అదనంగా 8 మందికి ఇస్తే 4 లక్షల డాలర్లు. అంటే జీతం మాట ఎత్తకముందే ఏటా 3 కోట్ల రూపాయలకు పైగా కొత్త ఖర్చు! ఒప్పందంలో చేరకపోతే ఖర్చు లేదు, కానీ పాత 18 దగ్గరే ఆగాలి. మరోవైపు పోటీ జట్టు 26 మందికీ ఇస్తుంటుంది.

మరి చిన్న కాలేజీలు ఏం చేస్తున్నాయి? మొదటిది, వయసు మీద పందెం. పెద్ద జట్లు 18 ఏళ్ల మెరికల వెంట పడతాయి. చిన్న జట్లు జూనియర్ లీగుల్లో రెండు మూడేళ్లు నలిగిన 20, 21 ఏళ్ల కుర్రాళ్లను తెచ్చుకుంటాయి. వాళ్లలో మెరుపు తక్కువే కావొచ్చు, కానీ ఒళ్లు గట్టిపడి ఉంటుంది, ఓపికా ఎక్కువే. వాళ్లూ ఓ ఏడాది మెరిస్తే పెద్ద జట్టు డబ్బు చూపించి తీసుకుపోతుంది, బదిలీ నిబంధనలు అంత సులువయ్యాయి. మన దగ్గర చిన్న స్టార్టప్‌లో పని నేర్చుకున్నవాణ్ని పెద్ద కంపెనీ ఎగరేసుకుపోవడం లాంటిదే ఇది. కాబట్టి చిన్న కోచ్‌లు ఎదురు దారీ వెతుకుతారు. పెద్ద జట్టులో బెంచీకే పరిమితమైనవాడికి 'నీకు ప్రతి మ్యాచ్‌లో ఆట గ్యారంటీ' అని చెప్పి పిలుచుకుంటారు.

ఇంకో మార్పు కూడా కలిసొచ్చింది. కెనడా మేజర్ జూనియర్ లీగుల ఆటగాళ్లను ఎన్‌సీఏఏ ఇన్నాళ్లూ ప్రొఫెషనల్స్ కింద లెక్కగట్టి దూరం పెట్టింది. 2024 నవంబరులో ఆ నిషేధం ఎత్తేశారు, 2025 ఆగస్టు 1 నుంచి అమలైంది. అక్కడి సంచలనం గావిన్ మెకెన్నా పెన్ స్టేట్‌లో చేరాడు. అతనికి సుమారు 7 లక్షల డాలర్లు ముడుతున్నాయని వార్తలొచ్చాయి. చిన్న కాలేజీ అలాంటివాణ్ని కలలో కూడా అడగలేదు. అయితే సీట్లు అవే, ఆటగాళ్లు పెరిగారు. పై జట్లలో చోటు దొరకనివాళ్లు కిందికి వస్తారు. ఈ ఒక్క విషయంలో చిన్న కోచ్‌లకు మేలే జరుగుతుందని నా అంచనా.

అందరూ తట్టుకోలేరు. అమెరికన్ ఇంటర్నేషనల్ కాలేజీ 2019లో దేశంలోనే టాప్ సీడ్ సెయింట్ క్లౌడ్ స్టేట్‌ను 2-1తో ఇంటికి పంపింది. అదే కాలేజీ 2025-26 నుంచి డివిజన్-1 వదిలేసి డివిజన్-2కు దిగిపోయింది. దీనికి పూర్తిగా విరుద్ధం అలాస్కా యాంకరేజ్. జీతాల గొడవకు ముందే, బడ్జెట్ కోతల్లో 2020లో అక్కడ హాకీని రద్దు చేశారు. 30 లక్షల డాలర్లు తెస్తే ఉంచుతామన్నారు. పూర్వ విద్యార్థులు, ఊరివాళ్లు కలిసి 2021 ఆగస్టుకల్లా తెచ్చారు. 2022-23లో జట్టు మళ్లీ మంచు మీదికి దిగింది.

వీసా దగ్గర ఆగిపోయే జీతం

ఇది మీకు బాగా అర్థమయ్యే ముడి. కాలేజీ హాకీలో కెనడా, ఐరోపా కుర్రాళ్లు చాలామంది. వాళ్లదీ మీరు వెళ్లబోయే ఎఫ్-1 వీసానే. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని, బయట అనుమతి లేకుండా పని చేస్తే స్టేటస్‌కే ఎసరు.. ఈ రూళ్లు గోల్ కొట్టేవాడికీ వర్తిస్తాయి. స్కాలర్‌షిప్‌తో ఇబ్బంది లేదు. ప్రకటనలో నటించి డబ్బు తీసుకుంటే అది 'పని' అవుతుందా అన్నదే ప్రశ్న. అందుకే కొందరు సొంత దేశానికి వెళ్లినప్పుడే ఇలాంటి ఒప్పందాల పని చూసుకుంటారు.

ఇక ఉద్యోగాల సంగతి. 600 డాలర్లు, ఆపైన విలువున్న బయటి ఒప్పందం ఏదైనా 'ఎన్ఐఎల్ గో' అనే వేదికలో నమోదు చేయాలి. దాన్ని తయారుచేసింది డెలాయిట్, హైదరాబాద్‌లో చదివేవాళ్లకు పరిచయం అక్కర్లేని పేరు. కాలేజీలు ఎంత పంచాయో లెక్క చూసే సాఫ్ట్‌వేర్ వేరే ఉంది. ఒప్పందాల పరిశీలన, చెల్లింపుల ట్రాకింగ్, ఆటగాడి విలువను డేటాతో కట్టడం.. ఇవన్నీ నిన్నమొన్నటి దాకా లేని పనులు. చిన్న కాలేజీల్లో వీటిని చాలాసార్లు ఒకరో ఇద్దరో మోస్తుంటారు. ఎస్‌క్యూఎల్, ఎక్సెల్ గట్టిగా వచ్చి, రూల్ బుక్ ఓపిగ్గా చదివేవాళ్లు అక్కడ కావాలి. ఆట రాకపోయినా ఫర్వాలేదు.

మీరు అలాంటి క్యాంపస్‌కే వెళ్తుంటే రెండు పనులు చేయండి. ఫీజు వివరాల్లో 'అథ్లెటిక్స్ ఫీ' అనే వరుస ఉందేమో, ఎంతో చూడండి. ఉంటే జట్టు ఖర్చులో మీ వాటా కూడా ఉన్నట్టే. రెండోది, హాకీ సీజన్ అక్టోబరులో మొదలవుతుంది. మ్యాచ్ స్కోరు ఎంట్రీ, వీడియో ప్రసారం, టికెట్ల కౌంటర్.. ఇవన్నీ ఎక్కువగా విద్యార్థులే చేసే క్యాంపస్ ఉద్యోగాలు. మీరు ఆగస్టులో దిగిన వారంలోనే అథ్లెటిక్స్ విభాగానికి రెజ్యూమె పంపితే, క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే క్యూ కన్నా ఈ క్యూ చిన్నదిగా ఉండొచ్చు.